కంచె ఇవతల అమ్మానాన్న.. అవతల ఆట

అమెరికాలో పిల్లల సాఫ్ట్‌బాల్ లీగుల్లో సీజన్ మొదలవకముందే ప్లేయర్లతో, వాళ్ల అమ్మానాన్నలతో ఓ కాగితం మీద సంతకం పెట్టిస్తారు. ఎవరి పని ఏంటో, ఎవరు ఎక్కడ ఆగాలో అందులో రాసుంటుంది. ఉద్యోగాల వేటలో ఉన్న మనకూ, మన ఇంట్లోవాళ్లకూ మధ్య అలాంటి కాగితం ఒకటి ఉంటే ఎలా ఉంటుంది?

డాలస్ శివార్లలో ఓ పార్కు. శనివారం పొద్దున తొమ్మిది గంటలు. గ్రౌండ్ చుట్టూ ఇనుప కంచె. దాని బయట మడత కుర్చీల్లో అమ్మానాన్నలు. అందులో ఒకాయన మాత్రం కుర్చీలో లేడు. కంచె పట్టుకుని నిలబడి గొంతు చించుకుంటున్నాడు.

"కొట్టు! కొట్టు! బాల్ చూడు.. అబ్బా, బాల్ చూడమ్మా!"

ఆయన మా బావ. బ్యాట్ పట్టుకున్నది తొమ్మిదేళ్ల మా మేనకోడలు. పాపం, అది ఓసారి పిచర్ వైపు, ఓసారి కోచ్ వైపు, ఓసారి వాళ్ల నాన్న వైపు చూస్తోంది. మూడు స్ట్రైకులు పడ్డాయి. అవుట్. తల దించుకుని డగౌట్‌లోకి వెళ్లిపోయింది.

ఆ ఇన్నింగ్స్ అయ్యాక కోచ్ కంచె దగ్గరకు వచ్చింది. ఆవిడా జట్టులో ఓ పాప తల్లే. కోప్పడలేదు. "మీరు సంతకం చేసిన కాగితంలో కంచె గురించి ఓ పాయింట్ ఉంది, గుర్తుందా?" అని నవ్వుతూనే అడిగింది. బావకి గుర్తులేదు. ఎలా ఉంటుంది? రిజిస్ట్రేషన్ రోజు కొత్త యాప్ వేసుకున్నట్టే చదవకుండా 'ఐ అగ్రీ' నొక్కేశాడు.

నేను టెక్ బ్లాగు రాస్తుంటా. టర్మ్స్ అండ్ కండిషన్స్ చదవడం అలవాటైపోయింది. ఆ రాత్రి అక్క ఫోన్‌లో ఆ కాగితం తీసి మొత్తం చదివాను. చదివాక బావ మీద జాలేసింది. నా మీద నాకు ఇంకాస్త ఎక్కువే వేసింది. ఎందుకో చివర్లో చెప్తా.

ముందు ఆట సంగతి

సాఫ్ట్‌బాల్ 1887లో షికాగోలో పుట్టింది. ఓ క్లబ్బులో కుర్రాళ్లు బాక్సింగ్ గ్లవ్‌ను తాడుతో కట్టి బంతిలా చేసి, చీపురు కర్రతో కొట్టడంతో మొదలైంది. పేరులో 'సాఫ్ట్' ఉంది గానీ ఇప్పటి బంతి మెత్తగా ఏమీ ఉండదు. క్రికెట్ బంతి చుట్టుకొలత దాదాపు 9 అంగుళాలు. సాఫ్ట్‌బాల్‌ది 12. పదేళ్ల లోపు పిల్లలకు 11 అంగుళాల బంతి ఇస్తారు. పిచర్ చేతిని కిందనుంచి తిప్పి బంతి వేస్తుంది. ఈ వయసువాళ్లకు పిచింగ్ దూరం 35 అడుగులు.

ఇంజినీరింగ్ బుద్ధి ఊరుకోదుగా, లెక్కేశాను. గంటకు 30 మైళ్ల వేగంతో వచ్చే బంతి 35 అడుగులు దాటడానికి పట్టేది 0.8 సెకన్లు. ఆ కాస్త టైంలోనే బంతిని చూడాలి, కొట్టాలా వదిలేయాలా తేల్చుకోవాలి, బ్యాట్ తిప్పాలి. మధ్యలో నాన్న అరుపు కూడా వినాలంటే ఎవరికైనా కుదురుతుందా?

అక్కడ పిల్లల సాఫ్ట్‌బాల్ ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి ట్రావెల్ బాల్. సెలక్షన్లుంటాయి, ఊళ్లు తిరుగుతారు, సీజన్‌కు వేల డాలర్లు కూడా అవుతాయి. రెండోది రిక్రియేషనల్ లీగ్. అందరూ 'రెక్' అంటారు. పేరు రాయించుకున్న ప్రతి పాపకూ ఏదో ఒక జట్టులో చోటుంటుంది. కోచ్‌లు చాలావరకు జీతం తీసుకోని అమ్మానాన్నలే. బేస్‌బాల్ నడిపే లిటిల్ లీగ్ సంస్థ 1974లో ఆడపిల్లల కోసం సాఫ్ట్‌బాల్ మొదలుపెట్టింది. ఇప్పుడు చాలా ఊళ్లలో ఇలాంటి లీగులున్నాయి. మావాళ్ల పాప ఆడేది రెక్‌లోనే.

ప్లేయర్ల పేజీలో ఏముంది?

లీగును బట్టి మాటలు మారతాయి గానీ సారం ఒకటే. మేనకోడలు వంకరటింకరగా సంతకం పెట్టిన పేజీలో ఉన్నవి ఇవి.

● ప్రాక్టీసుకు టైంకి రావాలి. రాలేకపోతే ముందే కోచ్‌కి చెప్పాలి.
● బ్యాగు, గ్లవ్, నీళ్ల సీసా తెచ్చుకునే బాధ్యత ప్లేయర్‌దే. అమ్మది కాదు.
● బ్యాట్ పట్టుకున్నప్పుడూ, బేస్‌ల మధ్య పరిగెత్తేటప్పుడూ ఫేస్‌గార్డ్ ఉన్న హెల్మెట్ తప్పనిసరి.
● ఇచ్చిన పొజిషన్‌లో ఆడాలి. పిచర్‌గానే ఆడతానని మంకుపట్టు పట్టకూడదు.
● మన జట్టు పాప తప్పు చేస్తే వెక్కిరించకూడదు. అవతలి జట్టును కించపరచకూడదు.
● గెలిచినా ఓడినా చివర్లో లైన్లో నిలబడి అవతలివాళ్లతో చేతులు కలపాలి.

మళ్లీ ఓసారి చూడండి. ఈ లిస్టులో 'హిట్ కొట్టాలి' అని లేదు. 'గెలవాలి' అని అసలే లేదు. అన్నీ ఆ పాప చేతిలో ఉన్న పనులే. తొమ్మిదేళ్ల పిల్ల బంతి కొడుతుందో లేదో ఎవరూ హామీ ఇవ్వలేరు. టైంకి రావడం మాత్రం దాని చేతిలో పనే.

దానికి బదులుగా లీగు కూడా ఓ మాట ఇస్తుంది. లిటిల్ లీగ్‌లో చాలాకాలంగా ఓ కనీస నియమం ఉంది. ప్రతి ప్లేయర్‌కీ 6 అవుట్‌లు పడేంతసేపు ఫీల్డింగ్, కనీసం ఒకసారి బ్యాటింగ్ ఇవ్వాలి. ఒక్కో ఇన్నింగ్స్‌లో జట్టుకు 3 అవుట్‌లు. అంటే రెండు ఇన్నింగ్స్ ఫీల్డింగ్ ఖాయం అన్నమాట. చాలా రెక్ లీగులు ఇంకో అడుగు ముందుకేసి, వచ్చిన అందరినీ బ్యాటింగ్ ఆర్డర్‌లో పెడతాయి. నువ్వు బాధ్యతగా వస్తే నీకు ఆడే అవకాశం ఇస్తాం అన్నదే ఒప్పందం.

అమ్మానాన్నల పేజీ ఇంకా గట్టిది

● కంచె బయటే ఉండాలి. డగౌట్ దగ్గరికి వెళ్లి సలహాలు ఇవ్వకూడదు.
● చప్పట్లు ఎన్నైనా కొట్టొచ్చు. ఎలా ఆడాలో చెప్పే పని కోచ్‌ది.
● అంపైర్ నిర్ణయం మీద నోరెత్తకూడదు.
● మ్యాచ్ మీద కోపమొస్తే 24 గంటలు ఆగాలి. ఆ తర్వాతే కోచ్‌తో మాట్లాడాలి.
● సీజన్‌లో కొన్ని గంటలు ఏదో ఒక పని చేయాలి. స్నాక్స్ కౌంటర్, స్కోర్‌బుక్, గ్రౌండ్ సర్దడం.. ఏదైనా.

అంపైర్ల విషయంలో ఇంత పట్టుదల ఊరికే రాలేదు. అమెరికా హైస్కూల్ క్రీడల్లో 2018-19 తర్వాత మూడేళ్లలో దాదాపు 50 వేల మంది అంపైర్లు, రిఫరీలు తగ్గిపోయారని అక్కడి హైస్కూల్ క్రీడల సమాఖ్యే చెప్పింది. కొవిడ్ ఒక కారణమైతే, గ్రౌండ్ బయటినుంచి పడే తిట్లు ఇంకో పెద్ద కారణం. న్యూజెర్సీలోని డెప్ట్‌ఫర్డ్‌లో లిటిల్ లీగ్ నడిపేవాళ్లు 2023లో ఓ వింత నియమం తెచ్చారు. తిట్లు పడలేక వలంటీర్ అంపైర్లు మానేయడంతో, అంపైర్ మీద అరిచిన పేరెంట్ స్వయంగా మూడు మ్యాచ్‌లకు అంపైరింగ్ చేయాలన్నారు. చేసేదాకా గ్రౌండ్‌కి రానివ్వరు. చేయకపోతే ఏడాది నిషేధం. అటు నుంచి నిలబడి చూస్తే బంతి ఎంత వేగంగా వస్తుందో వాళ్లకే తెలుస్తుందని ఆలోచన.

ఇంకా కఠినమైనది ఇంటిదారి

అక్కడి కోచ్‌లు ఎక్కువగా చెప్పుకునే మాట ఒకటుంది. బ్రూస్ బ్రౌన్, రాబ్ మిల్లర్ అనే ఇద్దరు కోచ్‌లు కాలేజీ స్థాయి క్రీడాకారులను ఏళ్ల తరబడి ఓ ప్రశ్న అడిగారు. చిన్నప్పటి ఆటల్లో మీకు బాగా చేదు జ్ఞాపకం ఏది? ఓడిన ఫైనలో, తగిలిన దెబ్బో చెప్తారనుకుంటాం. ఎక్కువమంది చెప్పింది మాత్రం మ్యాచ్ తర్వాత అమ్మానాన్నలతో కారులో ఇంటికెళ్లే దారి. ఆ షాట్ ఎందుకలా ఆడావ్, నీ ఫ్రెండ్ చూడు ఎంత బాగా ఆడిందో.. ఇలా కారులోనే పోస్ట్‌మార్టం. మరి అప్పుడు ఏం వినాలనుకున్నారని అడిగితే చెప్పింది చిన్న మాట. నువ్వు ఆడుతుంటే చూడటం నాకు ఇష్టం.

అది చదివినప్పుడు నాకు డాలస్ గుర్తు లేదు. ఖమ్మం బస్సు గుర్తొచ్చింది.

ఫైనల్ ఇయర్‌లో హైదరాబాద్‌లో ఓ పూల్ క్యాంపస్ డ్రైవ్. నాన్న కూడా నాతో వచ్చారు. గేటు బయట చెట్టు కింద పొద్దుట్నుంచి సాయంత్రం దాకా కూర్చున్నారు. టెక్నికల్ రౌండ్‌లో పోయాను. ఎంజీబీఎస్‌లో బస్సెక్కినప్పట్నుంచీ మొదలైంది. "ఏం అడిగారు?" చెప్పాను. "అది రాలేదా నీకు? నాలుగేళ్లు ఏం చదివావ్?" సూర్యాపేటలో బస్సు ఆగినప్పుడు టీ తాగుతూ, మా వీధిలో కుర్రాడికి ఎంత ప్యాకేజీ వచ్చిందో చెప్పారు. ఆ తర్వాత ఖమ్మం దాకా ఆయన మాట్లాడలేదు. ఆ మౌనం ఇంకా కష్టం. తర్వాత రెండు ఇంటర్వ్యూల సంగతి నేను ఇంట్లో చెప్పనేలేదు. పోయాక కూడా చెప్పలేదు.

నాన్నది తప్పని రాయడం తేలిక. కానీ ఆ మాటల వెనక ఫీజు కోసం తెచ్చిన అప్పుంది. రెక్ లీగులో ఓడితే ఐస్‌క్రీమ్ ఉంటుంది. మన దగ్గర ఇంటర్వ్యూ పోతే ఈఎంఐ ఉంటుంది. రెండూ ఒకటి కావు. అందుకే అమ్మానాన్నల్ని కంచె బయట ఉండమని చెప్పేస్తే సరిపోదు. మన పేజీ మీద మనమూ సంతకం పెట్టాలి.

మన కాగితం మనమే రాసుకుందాం

ఇది నేను సొంతంగా రాసుకున్నది. మీ ఇంటికి తగ్గట్టు మార్చుకోండి.

ఉద్యోగం వెతికేవాళ్ల వైపు: వారానికి ఎన్ని అప్లికేషన్లు పంపుతానో, ఏ రోజుల్లో ఏం ప్రాక్టీస్ చేస్తానో నేనే చెప్తాను. ఆదివారం సాయంత్రం ఓ పావుగంట ఇంట్లో కూర్చుని ఆ వారం ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్తాను, రిజెక్ట్ అయినవి కూడా. డబ్బు కావాల్సొస్తే, ముఖ్యంగా ఎవరైనా ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బు అడిగితే, ముందు ఇంట్లో చెప్తాను. సెలక్ట్ అవుతానని మాట ఇవ్వలేను. సిద్ధమవుతానని ఇస్తాను.

అమ్మానాన్నల వైపు: హెచ్ఆర్‌కి గానీ ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌కి గానీ మేం ఫోన్ చేయం. ఇంటర్వ్యూ అయిన రోజు ఏం జరిగిందని అడగం, తనంతట తాను చెప్తే వింటాం. పక్కింటివాళ్ల ప్యాకేజీ మా ఇంట్లో మాట్లాడుకోం. అప్పు సంగతి, ఇల్లు ఎన్నాళ్లు ఇలా నెట్టుకురాగలదో దాచకుండా చెప్తాం.

చివరి మాట చాలా ముఖ్యం. లెక్క తెలిస్తే పిల్లలు కూడా నిర్ణయాలు సరిగ్గా తీసుకుంటారు. ఆరు నెలలు టైం ఉందని తెలిస్తే నచ్చిన ఉద్యోగానికి ప్రయత్నించొచ్చు. రెండు నెలలే ఉంటే దొరికిన దాంట్లో చేరి, పని చేస్తూ వెతుక్కోవచ్చు.

24 గంటల నియమం మనకూ పనికొస్తుంది. రిజెక్షన్ మెయిల్ రాగానే కోపంతో రిప్లై కొట్టడం, లింక్డిన్‌లో పోస్టు పెట్టడం చేయకండి. ఒక రాత్రి ఆగండి. మర్నాడు థాంక్స్ చెప్పి, ఎక్కడ తగ్గానో చెప్పగలరా అని రెండు లైన్లలో అడగండి. జవాబు రాకపోవచ్చు. వచ్చిన ఒక్కటైనా చాలాసార్లు పనికొస్తుంది.

తప్పు చేశాక ఏం చేయాలి?

రెక్ కోచ్‌ల మీద ప్రభావం చూపిన సంస్థల్లో పాజిటివ్ కోచింగ్ అలయన్స్ ఒకటి. జిమ్ థాంప్సన్ 1998లో స్టాన్‌ఫర్డ్‌లో దీన్ని మొదలుపెట్టారు. వీళ్లు పిల్లలకు మూడు విషయాలు నూరిపోయమంటారు. కష్టపడటం, నేర్చుకోవడం, తప్పు చేసినా తేరుకోవడం. మూడోదానికి ఓ చిన్న చిట్కా కూడా ఉంది. బంతి వదిలేసిన పాప వైపు చూస్తూ డగౌట్‌లో వాళ్లు టాయ్‌లెట్ ఫ్లష్ చేసినట్టు చేత్తో సైగ చేస్తారు. పోయింది పోయింది, తర్వాతి బంతి చూడు అని. పిల్లలకు నవ్వొస్తుంది, బరువు దిగుతుంది.

ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న తప్పు చెప్పి, దాన్నే తలుచుకుంటూ మిగతా నాలుగూ చెడగొట్టుకున్నవాళ్లు మనలో ఎంతమంది లేరు? మీకంటూ ఓ సైగ పెట్టుకోండి. పెన్ను మూత పెట్టి తీయడమైనా సరే. గ్రూప్ డిస్కషన్‌లో పక్కవాడు తడబడితే నవ్వకండి. అందించండి. చూసేవాళ్లు అది కూడా చూస్తారు.

సర్టిఫికెట్ కోసమైతే దారి వేరు

రెక్ లీగు అనుభవం ఇస్తుంది గానీ ఉద్యోగానికి పనికొచ్చే సర్టిఫికెట్ ఇవ్వదు. అమెరికాలో కూడా హైస్కూల్లో సాఫ్ట్‌బాల్ ఆడే వందమంది అమ్మాయిల్లో ఎన్‌సీఏఏ కాలేజీ జట్ల దాకా చేరేది సుమారు ఆరుగురే. పై స్థాయి డివిజన్-1కి ఇద్దరు కూడా ఉండరు. స్కాలర్‌షిప్ ఆశతో పిల్లల్ని తోమేసే అమ్మానాన్నలకు లీగులు ముందే ఈ సంగతి గుర్తుచేయడం మంచిదే.

మన దగ్గర సంగతి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల స్పోర్ట్స్ కోటాకు గుర్తించిన ఆటల జాబితాలో సాఫ్ట్‌బాల్ ఉంది. అయితే రాష్ట్రం తరఫున జాతీయ పోటీల్లోనో, యూనివర్సిటీ తరఫున ఇంటర్-యూనివర్సిటీ పోటీల్లోనో, రాష్ట్ర స్కూల్ జట్టు తరఫున జాతీయ స్కూల్ క్రీడల్లోనో ఆడి ఉండాలి. కాలేజీలో సరదాగా ఆడినది లెక్కలోకి రాదు. ఇప్పుడు ఫస్టియర్, సెకండియర్‌లో ఉన్నవాళ్లు మీ యూనివర్సిటీ జట్టు సెలక్షన్లు ఎప్పుడో పీడీని అడగండి. నోటిఫికేషన్ వచ్చాక అడిగితే లాభం లేదు.

ఎంఎస్‌కి వెళ్లేవాళ్లకు ఒక జాగ్రత్త. రెక్ లీగులకు ఎప్పుడూ వలంటీర్లు కావాలి. పిల్లలతో పని కాబట్టి బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేస్తారు, కంగారు పడకండి. కానీ డబ్బు తీసుకుని అంపైరింగ్ చేస్తే అది క్యాంపస్ బయట ఉద్యోగం కిందికి వస్తుంది. అనుమతి లేకుండా చేస్తే ఎఫ్-1 వీసాకే ముప్పు. ముందు మీ యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల ఆఫీసును అడగండి.

రెజ్యూమెలో 'టీమ్ ప్లేయర్' అని రాసేవాళ్లు వేలల్లో ఉంటారు. దాని బదులు జట్టులో మీరు చేసిన ఒక్క పని రాయండి. రెండు సీజన్లు స్కోర్‌బుక్ రాశాను, జూనియర్లకు వారానికి రెండు రోజులు ప్రాక్టీస్ చేయించాను.. ఇలా. ఇంటర్వ్యూ చేసేవాళ్లు అడగడానికి అక్కడ ఏదో ఒకటి ఉంటుంది.

చివరి శనివారం

నేను తిరిగొచ్చే ముందు ఇంకో మ్యాచ్ చూశాను. ఈసారి బావకి స్కోర్‌బుక్ ఇచ్చారు. ప్రతి బంతికీ ఏదో ఒకటి రాసుకోవాలి. అరవడానికి తీరిక లేదు. మేనకోడలు బ్యాటింగ్‌కి వచ్చింది. మొదటి బంతి వదిలేసింది. రెండోది బ్యాట్ అంచుకు తగిలి పక్కకు పోయింది, ఫౌల్. మూడోది తగల్లేదు. ఇంకో స్ట్రైక్ పడి మళ్లీ అవుటే.

మ్యాచ్ అయ్యాక పరిగెత్తుకుంటూ వచ్చింది. "మావయ్యా, బాల్ బ్యాట్‌కి తగిలింది చూశావా?" చూశానన్నాను. కారెక్కాం. బావ అద్దంలోంచి దాన్ని చూశాడు. ఏదో అనబోయి ఆగాడు. "ఇవాళ నువ్వు ఆడుతుంటే బాగుంది రా. ఏం తిందాం?" అన్నాడు.

ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేశాను. అప్పట్లో చెప్పకుండా దాచిన ఆ రెండు ఇంటర్వ్యూల గురించి ఇన్నేళ్లకు చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అవి ఏ కంపెనీలు రా?" అని అడిగారు. ఈసారి తిట్టడానికి కాదు, ఊరికే తెలుసుకుందామని.